‘అన్నం పెట్టిన’ - ఒక మాట వెనక చరిత్ర

2010 ఎండాకాలంలో కోదాడ దగ్గరి ఒక పల్లెకు వెళ్లాను. అప్పుడు నేను పిహెచ్.డి. రెండో ఏడులో ఉన్నాను. తెలంగాణ సాయుధ పోరాట సాహిత్యంలో స్త్రీల చిత్రణ నా పరిశోధనాంశం. నవలలు, కథలు, పాటలు ముందేసుకుని కూర్చుంటే పని అయిపోయేదే. కానీ ఆ రోజుల్ని కళ్లారా చూసిన ఆడవాళ్లు కొందరు ఇంకా బతికే ఉన్నారు. వాళ్లతో మాట్లాడకుండా వాళ్ల గురించి రాయడం ఎట్లా అన్పించింది. చేతిలో చిన్న రికార్డరు, సంచిలో నోటు పుస్తకం, ముందే రాసుకున్న ఇరవై ప్రశ్నలు. అవే నా ఆయుధాలు.

అవ్వకు ఎనభై ఏళ్లు దగ్గర పడుతున్నాయి. అరుగు మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. నేను మొదటి ప్రశ్న వేశాను.

“అవ్వా, సాయుధ పోరాటంలో మీరేం చేశారు?”

“నేనేం జేసిన బిడ్డా? అన్నం పెట్టిన.”

పక్కనే మంచమ్మీద కూర్చున్న కొడుకు అందుకున్నాడు. “మా అమ్మకేం తెల్వదు మేడం. మా నాయిన ఉంటే అంతా చెప్పేటోడు.”

ఆ రాత్రి నోటు పుస్తకంలో ఇట్లా రాసుకున్నాను: ‘అన్నం పెట్టిన స్త్రీలు - సహాయక పాత్ర’. నా సిద్ధాంత గ్రంథంలో నాలుగో అధ్యాయంలో ఆ మాట ఒక వాక్యంగా ఉంది. దళాలకు అన్నం పెట్టిన స్త్రీలు పోరాటంలో సహాయక పాత్ర వహించారు అని. మౌఖిక పరీక్షలో ఆ వాక్యం గురించి ఎవరూ ఏమీ అడగలేదు. నాకు డాక్టరేటు వచ్చింది.

ఆ ఒక్క వాక్యం ఎందుకు తప్పో తెలుసుకోవడానికి నాకు పదేళ్లు పట్టింది. ఈ వ్యాసం దాని గురించే.

మాట ఎక్కడి నుంచి వస్తుంది?

నేను వాడానని సిద్ధాంత గ్రంథం మొదట్లో గొప్పగా రాసుకున్న పద్ధతి పేరు డిస్కోర్స్ అనాలిసిస్. దీనికి తెలుగులో అందరూ ఒప్పుకున్న మాట లేదు. ప్రసంగ విశ్లేషణ అంటే సభలో మాట్లాడే ప్రసంగం గుర్తొస్తుంది. సంభాషణ అంటే ఇద్దరు మాట్లాడుకోవడం అవుతుంది. అందుకే మన విశ్వవిద్యాలయాల్లో చాలామందిమి ‘డిస్కోర్స్’ అనే అనేసి ముందుకు పోతాం. అర్థం కాని చోట ఆ మాటను ఒక తెరలాగా వాడతాం కూడా.

నాకు తెలిసినంత సూటిగా చెబుతాను. భాషాశాస్త్రంలో జెలిగ్ హారిస్ 1952లో ఈ పేరుతోనే ఒక వ్యాసం రాశాడు. విడి వాక్యం దగ్గర ఆగిపోకుండా, వాక్యాలు ఒకదాని పక్కన ఒకటి చేరి ఎట్లా ఒక పాఠం అవుతాయో చూడాలన్నది ఆయన పట్టుదల. ఫ్రాన్సులో మిషెల్ ఫూకో 1970 డిసెంబరులో కొలేజ్ ద ఫ్రాన్స్‌లో తొలి ఉపన్యాసం ఇస్తూ ఈ ప్రశ్నను మరోవైపు తిప్పాడు. ఒక సమాజంలో ఏది మాట్లాడొచ్చు, ఎవరు మాట్లాడొచ్చు, ఎవరి మాటకు జ్ఞానమన్న ముద్ర పడుతుంది, ఎవరి మాట పిచ్చి కింద కొట్టుకుపోతుంది? 1989లో నార్మన్ ఫెయిర్‌క్లఫ్ భాషకూ అధికారానికీ ఉన్న సంబంధం మీద పుస్తకం తెచ్చాడు. వాక్యంలో కర్త ఎక్కడ మాయమయ్యాడు, ఒకరు చేసిన పని ‘జరిగిన’ సంఘటనగా ఎట్లా మారింది అని వ్యాకరణాన్ని పట్టుకుని అధికారాన్ని వెతకడం ఆయన బాట.

మనకు ఇంకా దగ్గరగా వచ్చినవాడు రణజిత్ గుహా. తిరుగుబాట్లను అణచినవాళ్ల రాతల మీద ఆయన 1983లో రాసిన వ్యాసం సబాల్టర్న్ అధ్యయనాల రెండో సంపుటంలో వచ్చింది. అందులో ఆయన రాతల్ని మూడు పొరలుగా విడదీశాడు. తిరుగుబాటు జరుగుతుండగానే అధికారులు పంపిన నివేదికలు మొదటి పొర. తర్వాత తీరిగ్గా రాసుకున్న జ్ఞాపకాలు, చరిత్రలు రెండో పొర. చాలా కాలం గడిచాక, తిరగబడినవాళ్ల మీద సానుభూతితోనే రాసిన చరిత్రకారులది మూడో పొర. ఆయన తేల్చిన విషయం ఇప్పటికీ ఇబ్బంది పెడుతుంది. సానుభూతి ఉన్నంత మాత్రాన మూడో పొర మొదటి పొర నుంచి పూర్తిగా తప్పించుకోదు. తిరగబడిన మనిషి తన చరిత్రకు తానే కర్త అన్న సంగతి అక్కడా జారిపోతుంది.

ఈ వ్యాసాన్ని నేను కింద గీతలు గీసుకుంటూ చదివాను. ఆ మూడో పొరలో నేనే ఉన్నానని మాత్రం తట్టలేదు.

సూర్యాపేట: ఏకవచనం, బహువచనం

నేను పుట్టింది సూర్యాపేటలో. నిజాం కాలంలో నల్గొండ జిల్లాలో అదొక తాలూకా. 2016 అక్టోబరులో అదే పేరుతో జిల్లా అయింది. కోదాడ అందులోకి వచ్చింది, మిర్యాలగూడ నల్గొండలోనే ఉండిపోయింది. ఎర్రపాడు దేశ్‌ముఖు జన్నారెడ్డి ప్రతాపరెడ్డికి లక్షన్నర ఎకరాలుండేవని పోరాట చరిత్రలు చెప్పేది ఈ తాలూకా గురించే.

దొర ముందు నిలబడిన మనిషి “బాంచన్ దొరా, నీ కాల్మొక్త” అనాలి. బాంచ అంటే దాసి. అంటే మగవాడు సైతం దొర ముందు తనను తాను దాసిగా చెప్పుకుని మాట మొదలు పెట్టాలి. అణిగి ఉండటానికి ఆ సమాజం ఎంచుకున్న గుర్తు ఆడమనిషి. ఇక నిజంగా దాసి అయిన స్త్రీ, దొరసాని వెంట అరణంగా వచ్చిన ఆడబాప, ఏమని చెప్పుకోవాలి? ఆమెకు వేరే మాట అక్కర్లేదు. ఆమె స్థితే అందరికీ ఉపమానం అయిపోయింది. ఈ పోరాటం గురించి సభల్లో తరచూ వినే మాట ఒకటుంది. బాంచన్ అన్న మనిషి బందూకు పట్టిండు అని. ‘పట్టిండు’ అన్నప్పుడు మనకు కనిపించేది మగవాడే. దాసి అన్న మాట వదిలించుకున్నది మగవాడు. అసలు దాసి కథ ఏమైందో ఆ వాక్యం చెప్పదు.

1946 జులై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్య అమరుడయ్యాడు. ఆ ఏడాది చివరికి ఉద్యమం సూర్యాపేట, హుజూర్‌నగర్ తాలూకాల్లో పల్లెపల్లెకూ పాకింది. 1951 అక్టోబరులో పోరాటాన్ని విరమించారు. ఈ ఐదేళ్ల మీద పుచ్చలపల్లి సుందరయ్య 1972లో ఇచ్చిన పెద్ద గ్రంథం ఇప్పటికీ ఆధారమే. 3 వేల గ్రామాలు, 10 లక్షల ఎకరాల భూపంపిణీ, 4 వేల మంది మరణం అన్న లెక్కలు అందులోవే. స్త్రీల కోసం ఆయన ప్రత్యేకంగా ఒక అధ్యాయం కేటాయించాడు. దానికి గౌరవం ఉంది. కానీ డిస్కోర్స్ పరిశీలకురాలిగా నాకు అధ్యాయపు విషయం ఎంత ముఖ్యమో, అధ్యాయం విడిగా ఉండటమూ అంతే ముఖ్యం. భూమి, దళాలు, గ్రామరాజ్యాలు పోరాటం కింద వస్తే, స్త్రీలు పోరాటంలో ‘స్త్రీల భాగం’ కింద వస్తారు. మగవాళ్ల పాత్ర అని విడి అధ్యాయం ఏ చరిత్రలోనూ ఉండదు.

ఇక్కడ మన వ్యాకరణాన్ని కాస్త తలుచుకోవాలి. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) చదివిన వాళ్లకు ఇది తెలిసిందే. స్త్రీని చెప్పే మాట ఏకవచనంలో అమహత్తుల సరసన చేరుతుంది, బహువచనంలో మహత్తుల సరసన చేరుతుంది. అన్న వచ్చాడు. బస్సు వచ్చింది, ఆవు వచ్చింది, అమ్మ వచ్చింది. అదే బహువచనంలో ఆవులు వచ్చాయి, బస్సులు వచ్చాయి, అమ్మలు వచ్చారు. ఒంటరిగా ఉంటే వస్తువు పక్కన, గుంపులో ఉంటే మనుషుల పక్కన. కన్నడ, తమిళ క్రియల్లో స్త్రీకి ఏకవచనంలోనే విడి ప్రత్యయం ఉంది. అంతమాత్రాన అక్కడి స్త్రీలు మనకన్నా స్వేచ్ఛగా బతికారని చెప్పలేం. వ్యాకరణం నుంచి నేరుగా జీవితంలోకి దూకడం ఈ పద్ధతిలో అందరం చేసే మొదటి పొరపాటు. కానీ ఒక అలవాటును గమనించడానికి ఇది పనికొస్తుంది. పోరాట చరిత్రల్లో పేద స్త్రీలు ఎక్కువగా బహువచనంలోనే కన్పిస్తారు. స్త్రీలు తరలివచ్చారు, స్త్రీలు అన్నం పెట్టారు, స్త్రీలు రోకళ్లు పట్టుకుని ఎదురు తిరిగారు. వాళ్లు మనుషులుగా లెక్కకు వచ్చేది గుంపుగా ఉన్నప్పుడే.

ఏకవచనంలో, పేరుతో, ‘వచ్చారు’ అన్న గౌరవంతో నిలబడినవాళ్లు కొద్దిమంది. సూర్యాపేట ప్రాంతం నుంచి వాళ్లలో ముందు చెప్పుకోవలసింది మల్లు స్వరాజ్యం గారిని. 1931లో కరివిరాల కొత్తగూడెంలో భూస్వామ్య కుటుంబంలో పుట్టి, చిన్న వయసులోనే సంఘంలోకి వచ్చి, రాజక్క పేరుతో దళంలో తిరిగి, 1978లో, 1983లో తుంగతుర్తి నుంచి శాసనసభకు వెళ్లారు. నిజాం ప్రభుత్వం ఆమె తలకు 10 వేల రూపాయల వెల కట్టింది. 2022 మార్చి 19న ఆమె వెళ్లిపోయారు. 2019లో వచ్చిన ఆమె ఆత్మకథ పేరు ‘నా మాటే తుపాకీ తూటా’. మాటకూ తుపాకీకీ మధ్య మనం గీసే గీతను ఆ పేరే చెరిపేస్తుంది.

పాలకుర్తి ఐలమ్మ కథ మరో రకం. ఆమె ఇంటిపేరు చిట్యాల. చరిత్ర ఆమెను కులవృత్తి పేరుతో చాకలి ఐలమ్మ అనే పిలిచింది. ఒకప్పుడు కిందచూపుతో అతికించిన ఆ మాటనే తర్వాత బహుజన ఉద్యమాలు తలెత్తుకుని పలికాయి. 2024లో హైదరాబాదు కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆ పేరు పెట్టారు. మాట అదే. పలికేవాళ్లు, పలికే చోటు మారాయి. అర్థం మాటలో కాపురం ఉండదు, ఎవరు ఎక్కడ నిలబడి అంటున్నారో అక్కడ ఉంటుంది. ఈ పద్ధతి నేర్పే మొదటి పాఠం ఇదే.

స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ లేకపోతే నా తరం ఇట్లా ఆలోచించగలిగేది కాదు. అంతకుముందు బహువచనంలో ఉన్న స్త్రీలను ఆ పుస్తకం ఒక్కొక్కరినిగా కూర్చోబెట్టి ‘నేను’ అని మాట్లాడించింది. దళంలో ఉంటూ కన్నబిడ్డను వదులుకోవలసి వచ్చిన కమలమ్మ మాటలు చదివాక వీరగాథ మునుపటి రూపంలో నిలవదు. ఇంతా చదివి, ఆ పుస్తకం సంచిలో పెట్టుకుని మరీ, నేను కోదాడ దగ్గరి అవ్వ ఇంటికి వెళ్లాను. అవ్వను తిరిగి బహువచనంలో కలిపేసి వచ్చాను.

కోదాడ: రెండోసారి విన్నప్పుడు

2020లో లాక్‌డౌన్ రోజుల్లో, చేయడానికి పనిలేక, పాత రికార్డింగులు బయటికి తీశాను. అవ్వతో మాట్లాడింది గంటా పది నిమిషాలు. సిద్ధాంత గ్రంథానికి నేను వాడుకున్నది అందులో నాలుగు నిమిషాలు.

మొదట విన్నది నా గొంతే. ఎంత తొందరో! అవ్వ ఒక మాట అని ఆగితే చాలు, నేను తర్వాతి ప్రశ్నలోకి దూకుతున్నాను. “దళంలో ఆడవాళ్లు ఉండేవారా అవ్వా? తుపాకీ పట్టుకున్న ఆడవాళ్లను చూశారా?” నేను తుపాకీ కోసం వెతుకుతున్నాను. అవ్వ పొయ్యి గురించి చెబుతోంది.

ఆమె చెప్పింది ఇది. అప్పుడు అన్నమంటే వరి కాదు, జొన్న గటక. సాగర్ ఎడమ కాలువ నీళ్లు వచ్చాక గదా ఈ కోదాడ, మిర్యాలగూడ సీమలు వరిసీమలయ్యాయి. దళం వచ్చేది నడిరాత్రి దాటాక. పచ్చికట్టె పెడితే పొగ లేస్తుంది, వాసన పోతుంది. అందుకని ఎండిన కందికట్టె చూసి పెట్టేది. ఎంతమంది వస్తారో పొద్దున్నే కబురు. ఆ కబురు తెచ్చేది ఎవరని నేను అడగనే లేదు. ఆమే చెప్పింది: “గొడ్లకాడికి వోయినప్పుడు నేనే తెచ్చేదాన్ని.” తెల్లారకముందే గిన్నెలు తోమి బోర్లించాలి. “పెద్ద గిన్నె తడిగుంటె పట్టిస్తది బిడ్డా.” ఇంట్లో ముగ్గురుంటే పది మందికి వండే గిన్నె ఎందుకు తడిసిందని ఎవరైనా అడగొచ్చు.

వార్త మోయడం, లెక్క కట్టడం, వంటచెరుకు ఎంచడం, ఆనవాలు చెరపడం. వీటిని ఒక మగవాడు చేస్తే మనం గూఢచర్యం అంటాం, సరఫరా అంటాం, వ్యూహం అంటాం. అవ్వ వీటన్నిటికీ కలిపి ఒకే మాట వాడింది. అన్నం పెట్టిన.

ఆ మాటను నేను ఏం చేశానో అప్పుడు అర్థమైంది. మా వైపు ‘నేను అన్నం పెట్టాను’ అనడానికి ‘అన్నం పెట్టిన’ అంటారు. అది సమాపక క్రియ. వాక్యం అక్కడికి పూర్తి. కర్త నేను. మా అమ్మ ఇప్పటికీ పోయిన, తిన్న, చెప్పిన అనే అంటుంది. నేనూ చిన్నప్పుడు అట్లాగే అనేదాన్ని. బడిలో, పత్రికల్లో, విశ్వవిద్యాలయంలో చదువుకున్న ప్రామాణిక భాష నా చెవిని మార్చేసింది. ఆ భాషలో ‘పెట్టిన’ అంటే వాక్యం పూర్తి కాదు. అది విశేషణం, తర్వాత ఒక నామవాచకం రావాలి. ఆ ఖాళీలో నేను ‘స్త్రీలు’ అని రాశాను. ఆమె క్రియను విశేషణం చేశాను. ఆమె ‘నేను’ను తీసేసి బహువచనం పెట్టాను. ఇంత పనీ ఒక్క అక్షరం మార్చకుండా చేశాను.

ఇంతకన్నా లోతైన తప్పు నా ప్రశ్నలోనే ఉంది. “సాయుధ పోరాటంలో మీరేం చేశారు?” సాయుధ అన్న మాటతోనే నేను హద్దు గీసేశాను. ఆయుధం లేని ఆమె, “నేనేం జేసిన” అనకుండా ఇంకేమంటుంది? జవాబును ప్రశ్నే తయారు చేసింది. దాన్ని తీసుకుపోయి ఆమె అభిప్రాయంగా నమోదు చేశాను. పక్కన కొడుకు ఉండటం, నన్ను మేడం అనడం, నా చేతిలో మిణుకుమనే ఎర్రదీపం, ఇవన్నీ ఆ జవాబులో భాగమే. గాయత్రీ స్పివాక్ 1988లో అడిగిన ప్రశ్న, అట్టడుగు మనిషి మాట్లాడగలదా అన్నది, ఆమె నోటి గురించి మాత్రమే అడిగింది కాదు. మన చెవుల గురించి కూడా.

కోదాడ వాళ్లకు ఇంకో మాట చరిత్ర కూడా తెలుసు. 1948 సెప్టెంబరు 13న విజయవాడ వైపు నుంచి వచ్చిన భారత సైన్యం ఈ దారినే హైదరాబాదు రాజ్యంలోకి దిగింది. ట్యాంకులతో, విమానాలతో నడిచిన ఆ చర్యకు ప్రభుత్వం పెట్టిన పేరు పోలీసు చర్య. సైన్యం చేసిన పనికి పోలీసు అన్న పేరు పెడితే అది దేశాల మధ్య యుద్ధం కాదు, ఇంటి లోపలి శాంతిభద్రతల వ్యవహారం అవుతుంది. సెప్టెంబరు 17ను ఇప్పటికీ ఒకరు విమోచన అంటారు, ఒకరు విలీనం అంటారు, ఇంకొకరు విద్రోహం అంటారు. 2022లో రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినమంది, 2024లో కొత్త ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవమంది. ప్రతి పేరు వెనకా ఒక రాజకీయం ఉంది. ఏ పేరులోనూ అవ్వ లేదు. ఆమె మాట వేరు: “మిల్ట్రీ వచ్చినప్పుడు”.

రికార్డింగులో నలభయ్యో నిమిషం దాటాక ఆమె అన్నది నేను మొదటిసారి వినలేదు. లేదా విని కూడా పట్టించుకోలేదు. “మిల్ట్రీ వచ్చినప్పుడు మమ్ముల వరుసగ నిలవెట్టి అడిగిన్రు, అన్నం ఎవలు పెట్టిన్రని. కొట్టిన్రు. నేను చెప్పలే.”

దాని తర్వాత రికార్డరులో నా గొంతే వినిపిస్తుంది. పాటల గురించి అడుగుతున్నాను.

ఆ రోజు దెబ్బలు తింటూ కూడా ఆమె చెప్పని మాట ఏది? అన్నం పెట్టిన. అరవై ఏళ్ల తర్వాత ముక్కూమొహం తెలియని ఒక పిల్ల అరుగు మీద కూర్చుని అడగగానే, మొదటి జవాబుగా చెప్పిన మాట ఏది? అదే. అది వినయం కాదు. ఒక ఒప్పుకోలు, ఒక ప్రకటన. నేను దాన్ని సహాయక పాత్ర అని రాసుకున్నాను.

అన్నం ఎంత పెద్ద సంగతో రాజ్యానికి తెలుసు. సైన్యం వచ్చాక గోదావరి అడవుల్లో గూడేలను ఖాళీ చేయించి జనాన్ని శిబిరాల్లోకి తోలింది ఎందుకు? దళాలకు అన్నం అందకుండా చేయడానికే. పెట్టే చేతుల్ని కొడితే పట్టే చేతులు పడిపోతాయని వాళ్లకు లెక్క తెలుసు. గుహా చెప్పినట్లు అణచివేసినవాళ్ల రాతను తిరగేసి చదివితే, అవ్వ పోరాటం నడిమధ్యలో కన్పిస్తుంది. సానుభూతితో రాసిన నా రాతలో మాత్రం అంచున ఉంది.

ఇంకొకటి కూడా గమనించాలి. అదే స్త్రీ దొర గడీలో వండి పెడితే వెట్టి. ఇంట్లో వండి పెడితే ధర్మం. దళానికి పెడితే చరిత్రకారుడికి సహాయం, మిలిటరీకి నేరం. చేతులు అవే, పొయ్యి అదే, పని అదే. పేరు పెట్టేవాడు మారినప్పుడల్లా ఆ పని విలువ మారింది. అయితే అంతా మాటల్లోనే ఉందని అనడానికి నాకు ధైర్యం లేదు. పొగ నిజం, ఆకలి నిజం, వీపు మీద దెబ్బ నిజం. మాటల పరిశీలన వాటికి బదులు కాదు. వాటిని మనం ఎందుకు చూడలేకపోయామో అది చెప్పగలదు, అంతే.

మిర్యాలగూడ: చచ్చింది ఎవరు?

ఇదంతా పాత కథ, మాటలతో ఇప్పుడేం పని అనుకునేవాళ్లకు ఒక సంగతి చెబుతాను. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో, ఒక ఆసుపత్రి బయట, గర్భవతి అయిన భార్య కళ్లముందు ఒక దళిత యువకుణ్ణి నరికి చంపారు. ఆ పెళ్లి ఇష్టం లేని ఆమె తండ్రి డబ్బిచ్చి చేయించాడని పోలీసులు కేసు పెట్టారు. ఆ తండ్రి 2020 మార్చిలో చనిపోయాడు. 2025 మార్చి 10న నల్గొండ ప్రత్యేక కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. వాళ్ల పేర్లు నేనిక్కడ రాయడం లేదు. టీవీలు వాటిని చాలినంతగా అరగదీశాయి.

అప్పటికి నేను డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతున్నాను. ఆ వారం సమాసాల పాఠం నడుస్తోంది. మిర్యాలగూడ నుంచి రోజూ బస్సెక్కి వచ్చే అమ్మాయి ఒకతి లేచి నిలబడింది. “మేడం, శిశుహత్య అంటే చచ్చింది శిశువు. గోహత్య అంటే చచ్చింది గోవు. మరి పరువు హత్య అంటే చచ్చింది పరువా?”

తరగతి నిశ్శబ్దమైపోయింది. నేను అంతవరకు ఎన్నడూ అట్లా ఆలోచించలేదు. విగ్రహవాక్యం చెబితే పరువు కోసం హత్య అని చెప్పాలి. కానీ మన భాషలో హత్య అన్న మాటకు ముందు సాధారణంగా వచ్చేది చచ్చిపోయినవాళ్ల పేరు. ఆ అలవాటు మీద ‘పరువు హత్య’ వింటే, నష్టపోయింది పరువు అన్పిస్తుంది. చనిపోయిన కుర్రవాడు ఆ మాటలో లేడు. అతని కులం లేదు, చంపించినవాళ్ల కులం లేదు. ఆ మాట ఎవరి నోటి నుంచి వచ్చిందో చూడండి. పరువు పోయిందని అనుకున్నవాళ్ల నోటి నుంచి. హంతకుడు చెప్పుకున్న కారణాన్నే నేరానికి పేరుగా పెట్టి, మనమంతా పత్రికల్లో, ఉపన్యాసాల్లో, ఖండన ప్రకటనల్లో సైతం పలుకుతూ వచ్చాం. అందుకే దళిత, ప్రజాసంఘాలు దాన్ని ‘కులదురహంకార హత్య’ అన్నాయి. నోరు తిరగని మాటే. కానీ అది చేసినవాడి వైపు వేలు చూపిస్తుంది.

ఇక ఆ అమ్మాయి గురించి వాడిన మాటలు. కూతురు, భార్య, గర్భిణి, వితంతువు, కోడలు. అన్నీ ఎవరికో ఒకరికి ఏమవుతుందో చెప్పే మాటలు. సోషల్ మీడియాలో ఒక వర్గం తండ్రి ప్రేమ అన్న మాటను పట్టుకుంది. ప్రేమ అన్న మాట అంత తేలిగ్గా తండ్రికి దక్కింది, ఇద్దరు వయోజనులు చేసుకున్న ఎంపికకు మాత్రం దక్కలేదు. అదే ఏడాది మార్చి 27న సుప్రీంకోర్టు శక్తివాహిని కేసులో వయోజనుల ఎంపికలో ఎవరి అనుమతీ అక్కర్లేదని చెప్పింది. చట్టం ఆమెను వ్యక్తి అంటోంది. ఊరు ఆమెను ఒక కుటుంబపు పరువు అంటోంది. ఒకే మనిషి రెండు మాటల మధ్య నిలబడి ఉంది. ఒక మాట ఆమెను కర్త చేస్తుంది, మరొకటి వస్తువు చేస్తుంది. అవ్వ దగ్గర నేను చేసిన పనీ, ఈ మాట చేసే పనీ ఒకే రకానివని ఆ అమ్మాయి ప్రశ్న విన్నప్పుడు నాకు తెలియదు. రెండేళ్ల తర్వాత రికార్డింగు విన్నప్పుడు తెలిసింది.

తిరిగి రాయడం

నా విద్యార్థులకు ఇప్పుడు ఒక చిన్న పని ఇస్తాను. పేపరులో స్త్రీల గురించి వచ్చిన ఒక వార్త తెచ్చుకోమంటాను. అందులో ప్రతి క్రియకూ కర్త ఎవరో రాయమంటాను. కర్త దొరకని చోట ఎర్ర సిరాతో సున్నా చుట్టమంటాను. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ నుంచి వచ్చే పిల్లలు వాళ్లు. ఫూకో పేరు వాళ్లకు అక్కర్లేదు. పేపరంతా సున్నాలతో నిండిపోయాక వాళ్లే తలెత్తి చూస్తారు.

ఆ తర్వాత రెండో పని ఇస్తాను. ఇంటికి పోయి, అమ్మమ్మనో నాయనమ్మనో ఒక ప్రశ్న అడిగి, తర్వాత పది నిమిషాలు నోరు మూసుకోమంటాను. ఇది మొదటిదానికన్నా కష్టం. నాకు ఇంకా పూర్తిగా చేతకావడం లేదు.

అవ్వ ఇప్పుడు లేదు. నేను రికార్డింగు రెండోసారి వినడానికి చాలా ముందే పోయిందని తెలిసింది. క్షమాపణ చెప్పుకోవడానికి మనిషి లేదు, వాక్యం ఒక్కటే ఉంది. సిద్ధాంత గ్రంథాన్ని పుస్తకంగా వేయడానికి ఇప్పుడు సవరిస్తున్నాను. నాలుగో అధ్యాయంలో ఆ వాక్యాన్ని చాలాసార్లు కొట్టేసి రాశాను. ‘ఆమె దళానికి అన్నం పెట్టింది’ అని రాస్తే మళ్లీ నా భాషలోకి, నా ప్రత్యయంలోకి లాక్కున్నట్లుంది. ‘కీలక పాత్ర వహించింది’ అని రాస్తే పాత వాక్యానికి కొత్త రంగు వేసినట్లుంది. పాత్ర ఇచ్చేది నేనే అన్నట్లుంది.

చివరికి ఆ వాక్యం తీసేశాను. దాని స్థానంలో ఆమె మాటలు రెండూ, ఆమె అన్న క్రమంలో, ఆమె అన్న రూపంలో పెట్టాను. మిల్ట్రీకి చెప్పలే. నాకు చెప్పింది: అన్నం పెట్టిన. దాని పక్కన విశేషణం అనుకోకుండా ఉండటానికి చుక్క పెట్టాను. వాక్యం అక్కడికి పూర్తయింది.